ఏటా ఒక పేపరు... ఎందరికి సాధ్యం?

ఒక్క ఏడూ తప్పకుండా పదహారేళ్ల పాటు ఏటా కనీసం ఒక పరిశోధన పత్రమైనా ప్రచురించిన శాస్త్రవేత్తలు ప్రపంచంలో నూటికి ఒక్కరు కూడా లేరు. 2014లో జాన్ అయొనైడిస్, కెవిన్ బోయాక్, రిచర్డ్ క్లావన్స్ కలిసి ప్లాస్ వన్ జర్నల్‌లో వెలువరించిన లెక్క ఇది. స్కోపస్ అనే డేటాబేస్‌లో 1996 నుంచి 2011 వరకు పేరు నమోదైన 1,51,53,100 మంది రచయితలను వారు జల్లెడ పట్టారు. ఆ పదహారేళ్లలో ఏ ఏడూ ఖాళీ లేకుండా కనిపించిన వారు 1,50,608 మంది. ఏటా కనీసం రెండు పేపర్లు రాసినవారు 68,221 మంది, పది లేదా అంతకు మించి రాసినవారు 3,269 మంది.

ఆ ఒక్క శాతానికి లోపున్న వారి వాటా మాత్రం చిన్నది కాదు. ఆ కాలంలో వచ్చిన మొత్తం పేపర్లలో 41.7 శాతం మీద వీరిలో ఎవరో ఒకరి పేరు ఉంది. వెయ్యికి మించి ఉటంకింపులు దక్కిన పేపర్లను మాత్రమే తీసుకుంటే ఆ వాటా 87.1 శాతానికి చేరుతుంది. ఎక్కువ మంది మళ్లీ మళ్లీ చదివి ఆధారంగా తీసుకున్న పనిలో చాలా భాగం ఈ కొద్దిమంది చేతుల మీదుగానే వచ్చిందన్నమాట.

ఈ అంకెను చూసి మిగిలిన తొంభైతొమ్మిది శాతం మంది పని చేయలేదనుకోవడం తప్పు. ఆ కోటిన్నరలో పీజీ చదువుతూ గైడుతో కలిసి ఒకే ఒక్క పేపరు రాసి ఉద్యోగంలో చేరిపోయినవారు ఉన్నారు. 2000లో పరిశోధన మొదలుపెట్టినవారు, 2005లో పదవీ విరమణ చేసినవారు ఎంత శ్రమించినా ఈ లెక్కకు అందరు. ఏడాదిలో మూడు వందల మందికి ఆపరేషన్ చేసి ఒక కేసు గురించి మాత్రమే రాసిన డాక్టరూ ఇందులోనే ఉన్నాడు. ఈ లెక్క చూపేది ప్రచురణ రంగం నిర్మాణాన్ని: నిలకడగా ఉండేవారు కొద్దిమంది, వచ్చి వెళ్లేవారు అసంఖ్యాకం.

ఈ అసమానత కొత్తది కాదు. అమెరికాలో గణాంకవేత్తగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ లోట్కా 1926లోనే రసాయన, భౌతిక శాస్త్రాల సూచికలను లెక్కించి ఒక సూత్రం చెప్పాడు. ఒక్క పేపరు రాసినవారు వంద మంది ఉంటే రెండు రాసినవారు పాతిక మంది, మూడు రాసినవారు పదకొండు మంది, పది రాసినవారు ఒక్కరే ఉంటారు. ఈ లెక్కన రచయితల్లో దాదాపు 60 శాతం మంది ఒక్క పేపరుతోనే ఆగిపోతారు. కంప్యూటరు, ఈమెయిలు, ఆన్‌లైన్ జర్నళ్లు వచ్చాక కూడా ఈ పోలిక పెద్దగా చెదరలేదు.

పేరు ఒకటే, మనుషులెందరు?

ఒక మనిషి ఏటా రాశాడా లేదా అని తేల్చాలంటే ముందు ఆ మనిషి ఎవరో తేలాలి. డేటాబేస్‌లకు ఇదే పెద్ద చిక్కు. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలిపేస్తే లేని నిలకడ వస్తుంది. ఒకే మనిషి పేరును రెండు రకాలుగా నమోదు చేస్తే ఉన్న నిలకడ తెగిపోతుంది. చైనా, కొరియా పేర్ల గురించి ఈ చర్చ ఎక్కువగా సాగుతుంది గానీ తెలుగు పేర్లకూ ఈ బాధ తక్కువేమీ కాదు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసుకునే అలవాటు మనది. విదేశీ జర్నల్ చివరి పదాన్ని ఇంటిపేరుగా తీసుకుంటుంది. దాంతో రావులు, రెడ్లు, నాయుళ్లు, మూర్తులు వందల సంఖ్యలో ఒకే గంపలో పడతారు.

తమిళనాడు పడమటి అంచున ఉన్న తేని జిల్లాలో దీనికి మరో మలుపు ఉంది. విజయనగర, మదురై నాయకుల కాలం నుంచి అక్కడ స్థిరపడిన తెలుగువారు చాలామందే ఉన్నారు. బోడినాయకనూరు ఆనాటి పాళెగాళ్ల ఊరు. కంబం లోయలోను, తేని చుట్టుపక్కల పల్లెల్లోను కమ్మవారు, రాజకంబళం నాయకర్లు, రెడ్డియార్లు, అరుంధతీయులు తరతరాలుగా ఉంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు వారి బతుకు. పేరు విషయంలో మాత్రం వారు తమిళ పద్ధతినే పాటిస్తారు: ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ముందు నిలుస్తుంది. ఆ ఒక్క అక్షరాన్ని జర్నల్ ఒకసారి ముందు, ఒకసారి వెనుక వేస్తే ఒకే పరిశోధకురాలు ఇద్దరుగా నమోదవుతుంది. పరిశోధకుడికి జీవితాంతం ఒకే పదహారంకెల సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ అనే ఏర్పాటు 2012లో మొదలైంది. పరిశోధనలోకి అడుగుపెట్టిన రోజే ఆ సంఖ్య తీసుకోవడం మంచిది.

కొండలా లేచి దిగే గీత నిజమేనా?

శాస్త్రవేత్త జీవితాన్ని ఒక గీతగా గీయడం చాలాకాలంగా అలవాటు. యౌవనంలో వేగంగా పైకి లేచి, నలభై దగ్గర శిఖరం తాకి, ఆ తర్వాత మెల్లగా దిగుతుందని చెబుతారు. హార్వే లేమన్ 1953లో వయసు, సాధనల మీద రాసిన పుస్తకం ఈ అభిప్రాయాన్ని స్థిరపరిచింది. వేలమందిని కలిపి సగటు తీస్తే ఆ గీత నిజంగానే కనిపిస్తుంది.

విడివిడిగా చూస్తే కనిపించదు. 2017లో శామ్యూల్ వే, ఆరన్ క్లాసెట్ తదితరులు అమెరికా, కెనడాల్లోని 205 కంప్యూటర్ సైన్స్ విభాగాలకు చెందిన 2,453 మంది అధ్యాపకుల ప్రచురణలను ఏడాది వారీగా పరిశీలించారు. ఆ పాఠ్యపుస్తకపు గీతలో ఒదిగినవారు ఐదుగురిలో ఒక్కరే. కొందరు చివరిదాకా పైకే వెళ్లారు, కొందరు మొదట్లోనే తగ్గారు, కొందరు పడి లేచారు. సగటు మనిషి అనేవాడు ఆ రెండున్నర వేల మందిలో అరుదు.

అంతకు ఏడాది ముందు రోబెర్తా సినాత్రా, ఆల్బర్ట్ లాస్లో బరాబాసీ బృందం సైన్స్ పత్రికలో మరో సంగతి చూపించింది. ఒక శాస్త్రవేత్త పేపర్లన్నింటినీ వరసగా పేర్చితే, వాటిలో అత్యంత ప్రభావం చూపినది ఆ వరసలో ఎక్కడైనా ఉండవచ్చు. మొదటిదీ కావచ్చు, చివరిదీ కావచ్చు. యౌవనంలో గొప్ప పేపర్లు ఎక్కువగా కనిపించడానికి కారణం ఆ వయసులో ఎక్కువ రాయడమేనని వారి విశ్లేషణ. నిలకడ విలువ ఇక్కడే తెలుస్తుంది. ఏ పేపరు పండుతుందో ముందే చెప్పలేనప్పుడు రాస్తూ ఉండటమే దారి. ఎంత తరచుగా రాయగలమన్నది మాత్రం పట్టుదల మీద కన్నా చేతిలో ఉన్న పని స్వభావం మీద, వెనుక ఉన్న సంస్థ మీద ఎక్కువ ఆధారపడుతుంది. దీనికి తేని, మదురై ప్రాంతం చూపినంత స్పష్టమైన సాక్ష్యం మరోచోట దొరకడం కష్టం.

పొట్టిపురం కొండ కింద ఆగిన పని

బోడినాయకనూరు పడమటి కొండల పాదంలో పొట్టిపురం అనే ఊరుంది. ఆ కొండలోకి దాదాపు రెండు కిలోమీటర్ల సొరంగం తవ్వి, పైనా పక్కలా కిలోమీటరుకు తగ్గని గట్టి రాయి ఉండేలా ఒక గుహలో న్యూట్రినో పరిశోధనశాల పెట్టాలన్నది భారత శాస్త్రవేత్తల సంకల్పం. న్యూట్రినోలు దేనికీ అంత తేలిగ్గా దొరకని సూక్ష్మ కణాలు. ఆకాశం నుంచి వచ్చే ఇతర కణాల రొదను ఆ రాయి ఆపితే తప్ప వాటి జాడ తెలియదు. గుహలో పెట్టదలచిన పరికరం 50 వేల టన్నుల అయస్కాంతీకరించిన ఇనుము. ఇనుప పలకల మధ్య అమర్చే గాజు డిటెక్టర్లు దాదాపు 29 వేలు. న్యూట్రినోల మూడు ద్రవ్యరాశులలో ఏది బరువైనదో, ఏది తేలికైనదో ఆ వరస తేల్చడం దాని ముఖ్య లక్ష్యం.

దీని వెనుక పెద్ద వారసత్వం ఉంది. 1965లో కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు మించిన లోతున టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొదటిసారిగా ప్రచురించినవారిలో నిలిచారు. దక్షిణాఫ్రికా గనిలో పనిచేస్తున్న ఫ్రెడరిక్ రైనెస్ బృందం పేపరు కొద్ది రోజుల తేడాతో వచ్చింది. కోలార్ గనుల్లో ఆ ప్రయోగాలు 1992లో ఆగిపోయాయి. న్యూట్రినోలను పట్టే భూగర్భ ప్రయోగశాల ఆ తర్వాత మన దేశంలో మళ్లీ రాలేదు.

కొత్త పరిశోధనశాల కోసం 2002లో సంస్థలు చేతులు కలిపాయి. మొదట అనుకున్నది నీలగిరుల్లోని సింగార. ముదుమలై పులుల అభయారణ్యం పక్కనే ఉందని 2009లో దానికి అనుమతి రాలేదు. తర్వాత తేని ఖాయమైంది. 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,500 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. స్థానిక రైతులు, పర్యావరణ సంఘాలు, రాజకీయ పక్షాలు వ్యతిరేకించాయి. పేలుళ్ల వల్ల పశ్చిమ కనుమలకు, నీటి వనరులకు, చుట్టుపక్కల డ్యాములకు ఏమవుతుందోనన్న భయం లోయలో బలంగా ఉంది. కేరళ వైపున్న మతికెట్టాన్ షోలా జాతీయ ఉద్యానం ఐదు కిలోమీటర్ల లోపే ఉంది. 2017లో హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని పక్కన పెట్టింది. 2018లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. వన్యప్రాణి మండలి అనుమతి కూడా కావాలని ట్రిబ్యునల్ ఆ ఏడాది నవంబరులో చెప్పింది. 2022 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం ఈ ప్రాజెక్టు తమకు వద్దని సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది.

ఇరవై ఏళ్ల ఈ కాలాన్ని ఒక శాస్త్రవేత్త ప్రచురణల జాబితాగా చూస్తే ఎలా ఉంటుంది? పరికరం కట్టడానికి ఏళ్లు పడుతుంది, కట్టాక సరిపడా డేటా రావడానికి మరో పదేళ్లు పడుతుంది. అసలు ఫలితం చెప్పే పేపరు ఆ తర్వాతే. ఈలోగా రాయగలిగేవి రెండే రకాలు: పరికరం ఇలా పనిచేస్తుందని కంప్యూటరులో లెక్కకట్టి చెప్పే పేపర్లు, గాజు డిటెక్టర్ల తయారీ గురించిన పేపర్లు. 2008లో మొదలైన ప్రత్యేక పీహెచ్‌డీ శిక్షణలో చేరిన విద్యార్థులు ఈ దారిలోనే రాసుకుంటూ వచ్చారు. వీరందరి పనిని కలిపి ప్రయోగం సత్తా ఎంతో వివరించే సమగ్ర పత్రం 2017లో ‘ప్రమాణ’ అనే జర్నల్‌లో వచ్చింది. మదురైలోని ఈ ప్రాజెక్టు కేంద్రంలో 85 టన్నుల చిన్న నమూనా పరికరం 2018లో పనిచేయడం మొదలుపెట్టింది.

అంటే లెక్కలు కట్టే సైద్ధాంతికుడి జాబితాలో ఏ ఏడూ ఖాళీ ఉండకపోవచ్చు. గాజు పలకలు అతికించి, గ్యాసు లీకులు వెతికి, ఎలక్ట్రానిక్ బోర్డులు సరిచేసి, పల్లెల్లో సభలు పెట్టి సందేహాలకు జవాబులు చెప్పినవారి జాబితాలో మాత్రం ఖాళీలు తప్పవు. ఇద్దరి శ్రమా ఒకే ప్రయోగానిది. అదే ప్రశ్న కోసం చైనా కట్టిన జూనో పరికరం 2025 ఆగస్టులో డేటా తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడి శాస్త్రవేత్తలకు రాబోయే పదేళ్లలో పేపర్లు వరసగా వస్తాయి. అంతమాత్రాన వారు ఎక్కువ నిలకడ గలవారు, తేని కోసం పాటుపడినవారు తక్కువవారు అని ఏ కొలమానమైనా చెబితే ఆ కొలమానమే తప్పు.

ఆసుపత్రి వరండాలో ఆగని పని

అదే తేని, మదురై దారిలో ఇందుకు పూర్తిగా వేరైన చరిత్ర అరవింద్ కంటి ఆసుపత్రిది. మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగాధిపతిగా పనిచేసి 58 ఏళ్లకు రిటైరైన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో దాన్ని ప్రారంభించారు. 1985లో తేనిలో రెండో ఆసుపత్రి వచ్చింది. ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో శుక్లాల ఆపరేషన్లు పెద్ద ఎత్తున చేసే సంస్థగానే ఇది లోకానికి తెలుసు. పరిశోధన పేపర్లు కూడా దశాబ్దాలుగా ఆగకుండా వస్తున్న చోటు ఇదని తెలిసినవారు తక్కువ.

కొన్ని మైలురాళ్లు చూడవచ్చు. 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో లక్ష్మీ రహ్మతుల్లా, తులసిరాజ్ తదితరుల పేపరు వచ్చింది. తిరుచ్చి జిల్లాలో 15,419 మంది పిల్లల మీద జరిగిన ఆ అధ్యయనం, వారానికోసారి కొద్దిపాటి విటమిన్ ఎ ఇస్తే పిల్లల మరణాలు సగానికి పైగా తగ్గుతాయని చూపింది. శుక్లం తీసి కంటి లోపల లెన్సు అమర్చడం పేదలకు సురక్షితమేనా అన్న ప్రశ్నకు 1998లో మదురై అధ్యయనం జవాబిచ్చింది. అంతవరకు పేదలకు శుక్లం తీసి మందపాటి కళ్లద్దాలు ఇచ్చి పంపడమే పద్ధతి. 2012లో, 2013లో వచ్చిన పేపర్లు కంటి నల్లగుడ్డు మీద వచ్చే పుండ్ల గురించినవి. పొలంలో వరి ఆకో, చెరకు ఆకో తగిలి బూజు సోకిన కంటికి పాత మందు నాటామైసిన్, ఖరీదైన కొత్త మందు వోరికొనజోల్ కన్నా మేలని 323 మంది రోగుల మీద చేసిన పరీక్షలో తేలింది. ఎన్. వెంకటేశ్ ప్రజ్ఞ నాయకత్వంలో, శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులతో కలిసి జరిగిన పని అది. రైతు కూలీల కళ్లకు ఇంతగా పనికొచ్చిన పరిశోధనలు చాలా అరుదు.

నేరుగా తేనికి సంబంధించినది 2009 నాటి పేపరు. మధుమేహం వల్ల కంటి రెటీనా ఎంతమందికి దెబ్బతింటోందో తెలుసుకోవడానికి తేని జిల్లాలో 25,969 మందిని పరీక్షించారు. 2,802 మందికి, అంటే 10.8 శాతానికి మధుమేహం ఉంది. మధుమేహం ఉన్నవారిలో 12.2 శాతం మందికి రెటీనా జబ్బు కనిపించింది. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో వచ్చిన ఆ పేపరు మొదటి రచయిత డాక్టర్ పి. నంపెరుమాళ్‌సామి. తేని దగ్గరి అంబసముద్రంలో పుట్టి, అరవింద్ సంస్థకు అధ్యక్షుడైన రెటీనా వైద్యుడాయన. డెబ్భైకి చేరువలో ఉండగా సొంత జిల్లా మీద ఆ పేపరు రాశారు. 2025లో కన్నుమూశారు.

ఇక్కడ నిలకడ ఎలా వచ్చింది? రోజూ వచ్చే రోగుల సంఖ్య పెద్దది, కాబట్టి అధ్యయనానికి మనుషుల కోసం ఏళ్లు ఎదురుచూడనక్కర్లేదు. రోగి వివరాలను ఒక పద్ధతిలో రాసిపెట్టే అలవాటు ఉంది. పీజీ వైద్యులు థీసిస్ రాసి తీరాలి. విదేశీ విశ్వవిద్యాలయాలతో పాత స్నేహాలున్నాయి. ఒక డాక్టరు ప్రసూతి సెలవులో ఉంటే, మరొకరు శిబిరాల్లో తీరిక లేకుండా ఉంటే మూడోవారు పేపరు పూర్తి చేస్తారు. సంస్థ మొత్తాన్ని తీసుకుంటే గొలుసు తెగదు. విడివిడిగా చూస్తే చాలామంది డాక్టర్ల జాబితాలో ఖాళీ ఏళ్లు ఉంటాయి. నిలకడను మనిషి గుణంగా కాక సంస్థ గుణంగా చూడటం ఎక్కువ సబబని ఈ ఆసుపత్రి చరిత్ర చెబుతోంది.

చెరకు పైరు సంగతి ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. కోయంబత్తూరులో 1912లో వెలసిన చెరకు పరిశోధన కేంద్రం రకాలకు ‘కో’ అనే అక్షరంతో పేర్లు పెడుతుంది. దేశంలో విస్తారంగా సాగైన కో 86032 రకం సంఖ్యలోనే దాని వయసు ఉంది: 1986లో ఎంపికైంది, 2000లో సాగుకు విడుదలైంది. ఆ పద్నాలుగేళ్లలో ప్రజనన శాస్త్రవేత్త చేసే అసలు పని పొలంలో ఉంటుంది, జర్నల్‌లో కాదు. తుది ఫలితం కూడా పేపరు కాదు, గడ.

రావు, సుబ్బారావు

తెలుగువారిలో ఈ అంశానికి రెండు కొసల్లో నిలిచే ఇద్దరున్నారు.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎమ్మే చేసి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో అడుగుపెట్టారు. పాతికేళ్ల వయసులో, 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఆయన రాసిన ఒక్క పేపరులోంచి క్రామెర్-రావు అవధి, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, సమాచార జ్యామితి అనే మూడు దారులు తెరుచుకున్నాయి. ఆయన అక్కడితో ఆగలేదు. కేంబ్రిడ్జిలో ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ, భారత గణాంక సంస్థలో దాదాపు నాలుగు దశాబ్దాల పని, 1979 తర్వాత అమెరికాలో పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకత్వం. మొత్తం నాలుగు వందలకు పైగా పేపర్లు, పద్నాలుగు పుస్తకాలు. తొంభై దాటాక కూడా సంకలన గ్రంథాలకు సంపాదకత్వం వహించారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో మరణించారు.

ఆ నిలకడ వెనుక అసాధారణమైన మేధ ఉందనడంలో సందేహం లేదు. ఆయన ఎంచుకున్న శాస్త్రం కూడా అందుకు అనుకూలించింది. గణాంక సిద్ధాంతానికి సొరంగం అక్కర్లేదు, పంట కాలం అక్కర్లేదు. పైగా గణాంకవేత్త మహలనోబిస్ నిర్మించిన ఆ గణాంక సంస్థలో దేశమంతటి సర్వేల నుంచి ప్రశ్నలు వాటంతటవే వచ్చిపడేవి. సంస్థకు ‘సంఖ్య’ అనే సొంత జర్నల్ ఉండేది. చుట్టూ మెరికల్లాంటి శిష్యులుండేవారు.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు దారి వేరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రాసిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి జీవరసాయన శాస్త్రంలో అతి ఎక్కువగా వాడుకున్న పేపర్లలో ఒకటి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ మీద, 1929లో ఏటీపీ మీద పేపర్లు వచ్చాయి. అక్కడిదాకా ప్రచురణల్లో ఆయన పేరు కనిపిస్తుంది. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాక జాబితా పలచబడుతుంది. ఆయన జీవితంలో అతి ఫలవంతమైన ఎనిమిదేళ్లు మాత్రం అవే. ఫోలిక్ యాసిడ్ కృత్రిమ తయారీ, బోదకాలు మందు హెట్రజాన్, రక్త కేన్సర్ పిల్లలకు సిడ్నీ ఫార్బర్ 1948లో వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ అన్నీ ఆ ప్రయోగశాల ఫలాలే. ఆరియోమైసిన్ గురించిన తొలి పేపరు మీద బెంజమిన్ డగ్గర్ పేరు ఒక్కటే ఉంది. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఏడాదికెన్ని పేపర్లని మాత్రమే చూసే నియామక సంఘం ముందు ఆయన చివరి ఎనిమిదేళ్లు వెలవెలబోతాయి. ఆ సంఘంలోని ప్రతి సభ్యుడి ఇంట్లోనూ ఆ ఎనిమిదేళ్ల ఫలం ఏదో ఒక మాత్ర రూపంలో అందే ఉంటుంది.

మధ్యలో ఆగిపోయేవారు

ప్రచురణలు ఆగిపోవడానికి అతి సాధారణ కారణం పరిశోధన రంగాన్నే వదిలేయడం. స్తాషా మిలోయెవిచ్ బృందం 2018లో ఖగోళ, జీవావరణ, రోబో శాస్త్రాల్లో వేలాది మందిని అనుసరించి చూసింది. 1960లలో రంగంలోకి వచ్చినవారిలో సగం మంది తప్పుకోవడానికి 35 ఏళ్లు పట్టింది. 2010లలో వచ్చినవారిలో సగం మంది ఐదేళ్లకే వెళ్లిపోయారు. దీనికి ప్రతిభ లేకపోవడం కన్నా శాశ్వత ఉద్యోగాలు లేకపోవడమే పెద్ద కారణం అనుకోవచ్చు. పీహెచ్‌డీ తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో ఊరు మారుస్తూ కాంట్రాక్టు మీద గడిపే జీవితాన్ని ఎవరు ఎంతకాలం భరించగలరు?

మహిళల సంగతిలో 2020 నాటి ఒక అధ్యయనం చాలా అపోహలను తుడిచేసింది. జున్‌మింగ్ హువాంగ్, సినాత్రా, బరాబాసీ తదితరులు 83 దేశాల్లో 15 లక్షల మంది పూర్తి ప్రచురణ జీవితాలను పరిశీలించారు. జీవితకాలం మొత్తం మీద పురుషుల పేపర్లు సగటున 13.2, మహిళలవి 9.6. ఏడాదికి ఎన్ని అని చూస్తే తేడా దాదాపు మాయమవుతుంది: పురుషులకు 1.32, మహిళలకు 1.33. తేడాలో చాలా భాగం రంగంలో ఉన్న కాలంలోనే ఉంది. పురుషులు సగటున 11 ఏళ్లు ఉంటే మహిళలు 9.3 ఏళ్లకే తప్పుకుంటున్నారు. ఏటేటా సమానంగా రాసే మహిళలను నిలుపుకోలేకపోవడం సంస్థల లోపం.

కోయంబత్తూరు చెరకు కేంద్రంలోనే 1930లలో పనిచేసిన జానకి అమ్మాళ్ జీవితం దీనికి తార్కాణం. చెరకును ఇతర గడ్డిజాతులతో సంకరం చేసిన ఆ శాస్త్రవేత్త, పరిస్థితులు అనుకూలించక ఇంగ్లండ్ వెళ్లారు. సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి రాసిన సాగు మొక్కల క్రోమోజోమ్ గ్రంథం 1945లో అక్కడే వచ్చింది. మన దేశంలో విరామం తర్వాత తిరిగి రావాలనుకునే మహిళా శాస్త్రవేత్తల కోసం శాస్త్ర సాంకేతిక విభాగం 2000 దశకం మొదట్లో ప్రత్యేక పథకం పెట్టింది. ఐరోపా పరిశోధన మండలి తల్లులకు ఒక్కో బిడ్డకు పద్దెనిమిది నెలల చొప్పున అర్హత గడువు పెంచుతుంది. ఇటువంటి ఏర్పాట్లు దయాదాక్షిణ్యాలు కావు. సరైన లెక్కకు అవసరమైన సవరణలు.

మరీ ఎక్కువైతే?

నిలకడకు ఆవలి అంచు అతి. అయొనైడిస్ బృందమే 2018లో నేచర్ పత్రికలో మరో లెక్క ఇచ్చింది. 2000 నుంచి 2016 వరకు ఏదో ఒక ఏడాదిలో 72కు మించి, అంటే ఐదు రోజులకొక పేపరు చొప్పున ప్రచురించినవారు 9,000కు పైగా తేలారు. వారిలో 86 శాతం భౌతిక శాస్త్రవేత్తలు. వేలమంది కలిసి పనిచేసే పెద్ద ప్రయోగాల్లో ప్రతి పేపరు మీదా అందరి పేర్లూ ఉంటాయి. 2015లో హిగ్స్ కణం బరువు మీద వచ్చిన ఒకే పేపరుకు 5,154 మంది రచయితలు. అక్కడ పేరుండటం సభ్యత్వానికి గుర్తే గానీ రాసినందుకు గుర్తు కాదు. ఇతర రంగాల్లో మాత్రం ల్యాబ్ అధిపతి పేరు ప్రతి పేపరు మీదా పడే ఆనవాయితీ చాలా నిలకడలకు మూలం. ఏటా విద్యార్థులు మారతారు, ఆయన పేరు మారదు. పదహారేళ్ల జాబితాలో ఒక్క ఖాళీ కూడా లేని వ్యక్తిని చూసినప్పుడు ఆ పదహారేళ్లలో ఆయన దగ్గర ఎంతమంది స్కాలర్లు పనిచేశారని అడగడం న్యాయం.

భారత విశ్వవిద్యాలయాల్లో నియామకాలకు, పదోన్నతులకు పేపర్ల సంఖ్యను పాయింట్లుగా మార్చే పద్ధతిని యూజీసీ 2010లో తెచ్చింది. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు జర్నల్ పేపరు ఉండాలన్న నిబంధన కూడా కొన్నేళ్లు నడిచింది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే జర్నళ్లు ఆ నీడలో పెరిగాయి. 2022 నవంబరులో యూజీసీ పీహెచ్‌డీ విద్యార్థులకు ఆ నిబంధనను ఎత్తేసింది. సరైన నిర్ణయమే, కానీ సగం నిర్ణయం. అధ్యాపకుల పదోన్నతులు ఇంకా సంఖ్య చుట్టూనే తిరుగుతున్నాయి. వైద్య కళాశాలల్లోనూ అంతే.

దరఖాస్తు ఫారంలో ‘ప్రచురణలు ఎన్ని’ అనే గడి పక్కన మరో గడి ఉండాలి: ప్రచురణ లేని ఏళ్లలో ఏం చేశారు? పరికరం కట్టారా, రకం విడుదల చేశారా, రోగులను చూశారా, బిడ్డను పెంచారా, పాఠాలు చెప్పారా, విభాగాన్ని నడిపారా? జవాబును చదివి తూచే ఓపిక ఎంపిక సంఘానికి ఉండాలి. వచ్చే నియామకాల నోటిఫికేషన్‌లోనే ఆ గడిని చేర్చమని విశాఖ, తిరుపతి, హైదరాబాద్, వరంగల్, మదురై, కోయంబత్తూరు విశ్వవిద్యాలయాల అధ్యాపక సంఘాలు తమ పాలకమండళ్లను అడగాలి.